పంకా లేని పడవ

గురువారం పొద్దునకల్లా పడవ వెనక పలకను కోయాలి. ఆ కోత ఏ ఎత్తులో, ఏ ఆకారంలో ఉండాలన్నది గురువారం పొద్దునకు కూడా తేలలేదు.

మహబూబాబాద్ రైలు గేటు అవతల జహంగీర్ ఇంజన్ల షెడ్డు ఉంది. పంపుసెట్లు బాగుచేసే ఆ షెడ్డులో ఇరవై ఎనిమిది అడుగుల ఫైబర్ పడవ నెల రోజులుగా ఇనుప స్టాండు మీద కూర్చుని ఉంది. భూపాలపల్లి జిల్లాలో వాగులు పొంగినప్పుడు జనాన్ని కాపాడేందుకు జనగామ రైసుమిల్లు యజమాని వెంకట్రాం కట్టిస్తున్న పడవ అది. రెండేళ్ళ కింద గుండ్లవాగు వరదలో ఆయన చెల్లెలు అరుణ కొట్టుకుపోయింది. రావలసిన పడవ ఆలస్యంగా వచ్చిందని అప్పట్లో ఆయనకు చెప్పారు. అందుకే ఈ పడవ నుంచి ఆయనకు కావలసింది ఒక్కటే, వేగం.

రెండు డీజిల్ ఇంజన్లూ వచ్చేశాయి. వాటి బలాన్ని నీళ్ళకు అందించే డ్రైవ్ దగ్గరే పేచీ. ఏ డ్రైవ్ పెడితే వెనక పలకను దానికి తగ్గట్టు కోయాలి. వెంకట్రాం అడిగింది సర్ఫేస్ డ్రైవ్. అందులో నీళ్ళను తోసే పంకాలు పడవ వెనక బయటికి చాచుకుని ఉంటాయి, సగం నీళ్ళలో, సగం గాలిలో తిరుగుతాయి. పందెం పడవలకు వాడతారు. జహంగీర్ కూతురు అల్ఫియా అడిగింది జెట్. దానికి బయట పంకా ఉండదు. పడవ అడుగు నుంచి నీళ్ళను లోపలికి పీల్చి, వెనక్కి ధారగా కొడుతుంది. కొచ్చిలో పడవలు కట్టే యార్డులో నాలుగేళ్ళు పనిచేసి వచ్చింది అల్ఫియా. పోయిన వారం ఘనపూర్ చెరువులో ఒక చిన్న జెట్ పడవను తెచ్చి నడిపి చూపించబోయింది. ఒడ్డు నుంచి యాభై గజాలు పోకముందే అది గుర్రపుడెక్క మింగి ఆగిపోయింది. ఒడ్డున నిలబడి చూసిన వెంకట్రాం ఒక్క మాట కూడా అనకుండా కారెక్కి వెళ్ళిపోయాడు.

తిట్టి ఉంటే బాగుండేదని అల్ఫియా వారమంతా అనుకుంటూనే ఉంది. తిడితే జవాబు చెప్పవచ్చు. ఏమీ అనని మనిషికి ఏం చెబుతాం?

ఆ వారంలో ఆమె జెట్ నోటికి అడ్డంగా కొత్త జాలీ తయారు చేసింది. చెత్త చిక్కుకుంటే పడవ లోపలి నుంచే మూత తీసి, చేత్తో లాగి పారేసే ఏర్పాటు చేసింది. మే నెల ఎండకు రేకుల కప్పు కింద పొద్దున ఎనిమిదింటికే ఒళ్ళు కాలుతోంది. పడవ అడుగున వెల్లకిలా పడుకుని జాలీని అమర్చి చూస్తూ ఆమె తండ్రిని పిలిచింది.

"బాబా, ఒక్కసారి ఇటు రా. ఈ జాలీ సందులు సరిపోతయా, ఇంక సన్నగ చెయ్యాల్నా?"

జహంగీర్ షెడ్డు మూల కూర్చుని ఏదో పంపుసెట్టు వాల్వులు రాకుతున్నాడు. తల ఎత్తలేదు.

"నీకు తెల్వదా? నేర్చుకొని వచ్చినవు గదా."

"నేర్చుకున్నదాన్నే, అయినా నీ చేతిని అడగనియ్యి బాబా. సందు సన్నగైతే నీళ్ళు తక్కువ గుంజుతది. పెద్దగైతే చెత్త పోతది. నీ చెయ్యి నలభై ఏండ్ల సంది పంపులల్ల ఉన్నది. నువ్వు చెప్తే నాకు ధైర్యముంటది."

"పడవ వాళ్ళది బిడ్డా. వాళ్ళు ఏది పెట్టుమంటె అది పెడదాం."

సంక్రాంతి వెళ్ళాక ఈ పడవ పని ఒప్పుకున్నప్పటి నుంచి ఆయన నోట ఇదే మాట. అల్ఫియాకు తండ్రి ఈ మాదిరిగా తెలియదు. ఒక బోల్టు మరలు సరిగా లేవని దుకాణం వాడితో గంటసేపు తగాదా పడే మనిషి. అల్ఫియా చదివిన పాలిటెక్నిక్‌కు వచ్చి, అక్కడి లేత్ మిషను సరిగా నిలబెట్టలేదని లెక్చరరుకు చెప్పి వెళ్ళిన మనిషి. తన జీవితంలోకెల్లా పెద్ద పని షెడ్డులోకి వచ్చి కూర్చుంటే, దాని వైపు చూడకుండా పాత వాల్వులు రాకుతున్నాడు. పెద్ద ఆసామికి ఎదురు చెప్పలేక వంగిపోయాడని ఆమె అనుకుంది. అలా అనుకోవడం ఆమెకు నచ్చలేదు. అయినా అంతకంటే వేరే కారణం కనిపించలేదు.

తొమ్మిదింటికి వెంకట్రాం కారు గేటు దాటి వచ్చి ఆగింది. యాభై దాటిన మనిషి. తెల్ల చొక్కా, చేతిలో ఫోను. కుర్చీ వేసినా కూర్చోలేదు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, వెనక పలక దగ్గర నిలబడ్డాడు.

"ఇంక కొయ్యలేదా?"

"మీరొచ్చినంక కోద్దామనుకున్నం సార్," అంది అల్ఫియా. "కొత్త జాలీ చేసిన. ఘనపూర్‌ల అయినట్టు మల్ల కాదు. చూపిస్త, రండి."

"అద్దు బిడ్డా. నువ్వు మంచిగ కష్టపడ్డవు. నేను కాదంటలేను. కానీ డ్రైవులకు నేను ఆర్డర్ పెట్టిన. మొన్ననే ముంబై నుంచి లారీ ఎక్కినయి. రెండు మూడు దినాల్ల ఇక్కడుంటయి."

అల్ఫియా చేతిలోని స్పానరు కింద పెట్టింది. పెట్టేటప్పుడు కొంచెం గట్టిగానే చప్పుడైంది.

"ఏ డ్రైవులు?"

"సర్ఫేస్ డ్రైవులు. నేను మొదటి సంది చెప్పినవే."

"గురువారం దాకా ఆలోచిద్దామన్నరు గదా సార్!"

"ఆలోచించిన. చెరువుల నిలబడి కళ్ళార చూసిన. నీ జెట్టు ఆకు అలములకే ఆగిపాయె. వరదల ఏం లాగుతది?" వెంకట్రాం గొంతు పెంచలేదు. "నువ్వే చెప్పిన లెక్క. నేను అడిగిన డ్రైవైతే గంటకు తొంభై కిలోమీటర్లు. నీ జెట్టైతే డెబ్బై. అవునా, కాదా?"

"ఖాళీ పడవకు సార్! ఖాళీగ పోయేటప్పుడు తొంభై. వచ్చేటప్పుడు ఇరవై మందిని ఎక్కించుకొని రావాలె గదా? గా పంకాలు వేగం అందుకున్నంకనే పనిచేస్తయి. బరువుతోని మెల్లగ కదిలేటప్పుడు వాటికి దమ్ముండదు. పడవ ముక్కు పైకెత్తి, నీళ్ళను దున్నుకుంట పోతది. వెనుకకు రావాల్నంటె ఇంక పరేషాన్. బడి గోడకో మిద్దెకో పడవను ఆనించి నిలపాల్నంటె ఎట్ల నిలుపుతరు?"

"పన్నెండు కిలోమీటర్ల నీళ్ళు దాటాల్నంటె రెండింటికి తేడా ఎంత?"

అల్ఫియాకు ఆ లెక్క నోటికి వచ్చు. చెప్పడానికి మాత్రం మనసు రాలేదు.

"రెండు నిమిషాల పైన."

"రెండు నిమిషాలు," అన్నాడు వెంకట్రాం. "మా అరుణ మొఖం నాకు మూడో దినం చూపిచ్చిన్రు బిడ్డా. ఇసుకల నుంచి తీసి. ఆఫీసరు ఏమన్నడో తెల్సా? పడవ జర ఆలస్యమైంది, ఒక్క పది నిమిషాలు ముందొస్తె బతికేదన్నడు. నాకు రెండు నిమిషాలు ఇడిసిపెట్టుమని చెప్తున్నవా నువ్వు?"

అల్ఫియా నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది. ఆమెకు కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. ఇది మూడోసారి. ప్రతిసారీ వాదన ఇంజన్ దగ్గర మొదలై చనిపోయిన మనిషి దగ్గర ఆగిపోతోంది. అక్కడి నుంచి ముందుకు దారి లేదు.

ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. "వరద నీళ్ళల్ల ఏముంటయో చూడండి సార్. కంచె తీగెలు, డ్రిప్పు పైపులు, పత్తి కట్టె, కొట్టుకొచ్చిన చెట్లు. బయటున్న పంకా వేటికి తగిలినా రెక్క ఇరుగుతది. ఒక దిక్కు పంకా ఇరిగితే రెండో ఇంజన్‌తోని పడవ పక్కకు గుంజుకుంట పోతది. జెట్టుకు అడుగు నున్నగ ఉంటది. మోకాటి లోతు నీళ్ళుంటె చాలు, పోతది. ఇంకొకటి. నీళ్ళల్ల ఉన్న మనుషులు పడవను ఎటు దిక్కు పట్టుకుంటరు? పక్కలు ఎత్తుగుంటయి, అందయి. వెనుకకే వస్తరు. ఆడ పంకాలు తిరుగుతుంటె?"

"మధ్యరకం ఒకటున్నదన్నవు గదా? కారు గేరులెక్క ఆపుకునేది?"

"స్టెర్న్ డ్రైవు. ఉన్నది సార్. న్యూట్రల్ ఉంటది, ఇంజన్ నడుస్తున్నా పంకాను ఆపొచ్చు. లోతు తక్కువైతె పంకా బిగించిన కాలును పైకి ఎత్తుకోవచ్చు. సర్ఫేస్ డ్రైవు కన్న అది వెయ్యి రెట్లు నయం. దాన్ని గూడ నేను వద్దంటలేను. కానీ దాని పంకా గూడ బయటనే ఉంటది."

వెంకట్రాం జహంగీర్ వైపు తిరిగాడు.

"భాయ్, నీ బిడ్డ ఇంత చెప్తున్నది. నువ్వు ఒక్క మాట చెప్పు. నీ మాట మీద నాకు నమ్మకమున్నది. ఏది పెడదాం?"

జహంగీర్ వాల్వు పక్కన పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"మీ ఇష్టం పటేలా."

అల్ఫియా ఇక ఆగలేకపోయింది.

"మీ ఇష్టం! మీ ఇష్టం! నాలుగు నెలల సంది ఇదొక్కటే మాట! నీకు దీంట్ల ఏం తెల్వదా బాబా? నా జెట్టు తప్పైతె తప్పని చెప్పు, నేను నోరు మూస్కుంట. ఆయన పంకా తప్పైతె ఆయనకు చెప్పు. మనుషుల పాణాల సంగతి ఇది. నువ్వు మంచిగనిపించుకోవాల్నని ఊకుంటె ఎట్ల?"

బయటివాళ్ళ ముందు తండ్రిని ఆమె ఎప్పుడూ అంతమాట అనలేదు. అన్న వెంటనే నాలుక కరుచుకుంది. జహంగీర్‌కు కోపం రాలేదు. అదే ఆమెను ఇంకా గాబరా పెట్టింది. ఆయన ముఖం ఎవరో తనను పట్టుకుంటారని ఎదురు చూస్తున్నవాడి ముఖంలా ఉంది.

అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. నలభై ఏళ్ళ ఆడమనిషి గుడ్డ సంచీతో దిగి, షెడ్డు బోర్డు చదువుకుని, లోపలికి తొంగి చూసింది.

"అల్ఫియా మేడమంటె ఎవరు? నేను రాజీని. ఫోన్‌ల మాట్లాడితిరి గదా."

ఆమెను పిలిపించింది అల్ఫియానే. ఘనపూర్ చేపల సొసైటీ వాళ్ళను అడిగి నంబరు సంపాదించింది. వరదలో పడవ ఎక్కి బతికిన మనిషి, నీళ్ళలో ఉన్నప్పుడు పడవను ఎటు నుంచి పట్టుకున్నదీ తన నోటితో చెబితే వెంకట్రాం వింటాడని ఆమె ఆశ. రాజీ గుండ్లవాగు ఒడ్డు తండా మనిషి. ఊరి బడిలో మధ్యాహ్నం భోజనం వండుతుంది. రెండు బస్సులు మారి వచ్చింది. వెంకట్రాం చెల్లెలు అదే బడిలో టీచరని అల్ఫియాకు తెలుసు. అందుకే పిలవాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించింది కూడా.

"కూసో అక్కా. మంచినీళ్ళు తాగు. ఈ సారు పేరు వెంకట్రాం. అరుణ టీచర్ వాళ్ళ అన్న."

రాజీ కూర్చోబోయి మళ్ళీ లేచి నిలబడింది. రెండు చేతులూ జోడించింది. నీళ్ళ గ్లాసు పట్టుకున్నా తాగలేదు.

"టీచరమ్మ నాకు సంతకం నేర్పింది సార్," అంది.

వెంకట్రాం తల పంకించాడు. "నువ్వు ఆ దినం ఆడనే ఉన్నవా?" అని అడిగాడు.

"బడి మిద్దె మీద పక్కపక్కనే ఉన్నం. నన్నెవ్వరు అడగలే సార్. అడిగితె చెప్పేదాన్ని."

"పడవ ఎంత ఆలస్యంగ వచ్చింది?"

రాజీ అర్థం కానట్టు చూసింది.

"ఆలస్యమేంది సార్? తెల్లారంగ నీళ్ళొచ్చినయి, మిద్దె ఎక్కినం, పది కాకముందే పడవొచ్చింది. రెండు మార్ల వచ్చింది. మొదటిసారి పిల్లలను, ముసలోళ్ళను తీస్కపోయింది. టీచరమ్మనే ఒక్కొక్కరిని పట్టి దించింది. రెండోసారి వచ్చేటాల్లకు ఆరుగురం మిగిలినం. నలుగురు ఎక్కిన్రు. నేను, టీచరమ్మ ఎక్కాలె. గంతల్నే పిట్టగోడ కూలింది. ఇద్దరం నీళ్ళల్ల పడ్డం."

వెంకట్రాం చెయ్యి వెనక్కి పోయి కుర్చీని వెతుక్కుంది. కూర్చున్నాడు.

"రెండు మార్ల వచ్చిందా?"

"వచ్చింది సార్. నా బిడ్డ మీద ఒట్టు. నేను పడవ ఎనుక దిక్కు తేలిన. టీచరమ్మ వాగు దిక్కు కొట్టుకపోయి కరెంటు స్తంభం పట్టుకున్నది. నాకు కనబడ్డది. పడవ జర ముంగటికి పోతే అందేది. కానీ ఇంజన్ ఆగిపోయింది. ఏదో తీగె సుట్టుకున్నదన్నరు. నన్ను పైకి గుంజిన్రు. మల్ల ఇంజన్ నడిచేటాల్లకు స్తంభం కాడ ఎవ్వరు లేరు సార్."

చెబుతూ చెబుతూ ఆమె కళ్ళు తుడుచుకోవడానికి తల తిప్పింది. మూలన నిలబడ్డ జహంగీర్ అప్పుడు కనిపించాడు. ఆమె చెయ్యి కొంగు దగ్గరే ఆగిపోయింది.

"అన్నా!" అంది. "నువ్వేనా? సార్, ఇగో ఈ అన్ననే! ఇంజన్ నడిపింది ఈ అన్ననే! నన్ను జుట్టు పట్టి గుంజింది ఈయనే. నీ పేరు గూడ తెల్వకపాయె అన్నా. ఏడేడనో అడిగిన."

ఆమె రెండడుగులు ముందుకు వేసి జహంగీర్ కాళ్ళకు మొక్కబోయింది. ఆయన వెనక్కి జరిగాడు. గోడ తగిలే వరకు జరిగాడు.

ఆ వర్షాకాలం అల్ఫియా కొచ్చిలో ఉంది. ఫోనులో తండ్రి చెప్పింది ఆమెకు గుర్తు వచ్చింది. వానలు బాగా పడ్డాయనీ, ఘనపూర్‌లో రెండు రోజులు ఇరుక్కుపోయాననీ చెప్పాడు. అంతే.

వెంకట్రాం లేచాడు. "భాయ్, నువ్వు ఆ పడవల ఉన్నవా?"

"ఉన్న."

"నా ఇంటికి నాలుగు సార్లు వచ్చినవు. మా అరుణ ఫోటో కింద కూసొని చాయ తాగినవు. ఒక్క మాట చెప్పలే."

"చెప్పలే పటేలా."

"తీగె సుట్టుకున్నదని చెప్పనీకె ఏం రోగం? నీ తప్పు గూడ కాదు గదా అది!"

జహంగీర్ గోడ వదిలి ముందుకు వచ్చాడు. ఈ నెల రోజుల్లో మొదటిసారి ఆయన పడవ పక్కన నిలబడ్డాడు.

"తీగె లేదు. ఎవ్వరన్న అడిగితె గట్ల చెప్పమని సొసైటీవాళ్ళకు నేనే చెప్పిన. ఇంజన్ నేనే బంద్ చేసిన."

రైలు గేటు గంట మోగడం మొదలైంది. ఎవరూ అటు చూడలేదు.

"ఎందుకు?" అన్నాడు వెంకట్రాం.

"ఆ పడవ సొసైటీవాళ్ళదే గని, ఇంజన్ నేను చేసిచ్చిందే. పంపుసెట్టు ఇంజనుకు నేరుగ రాడ్డు బిగించి, చివర పంకా పెట్టిన. గేరు లేదు, న్యూట్రల్ లేదు. ఇంజన్ నడిస్తె పంకా తిరుగుతది, అంతే. గేరుబాక్సు పెడదామా జహంగీరన్నా అని వాళ్ళు అడిగిన్రు. ఎందుకు, బరువైతది, చేపలు పట్టనీకె గిది చాలన్న. నేనే అన్న." ఆయన చెయ్యి పడవ అంచు పట్టుకుంది. "టీచరమ్మ స్తంభం పట్టుకొని ఉన్నది. ఇంజన్ రేజ్ చేసి ఒక్క తోపు తోస్తె అందుతది. చెయ్యి దాని మీదనే ఉన్నది. ఎనుకకు చూస్తె పంకా మీద మనిషి. చీరె కొంగు అప్పటికే దాని దిక్కు పోతున్నది. బంద్ చేసిన. పైకి గుంజినం. మల్ల హ్యాండిల్ తిప్పిన. తడిసిన ఇంజన్, పట్టలే. నాలుగు మార్ల తిప్పిన. ఐదోసారి పట్టింది."

రాజీ చేతిలోని గ్లాసు వంగి నీళ్ళు కారిపోతున్నాయి. ఆమెకు తెలియడం లేదు.

"పంకా మీద మనిషంటె..." అంది. "నేనేనా?"

జహంగీర్ తల ఊపాడు.

వెంకట్రాం ఉన్నట్టుండి బయటికి నడిచాడు. కారు దగ్గరికి పోతాడనుకున్నారు. పోలేదు. మూసిన రైలు గేటు దాకా వెళ్ళి ఆగాడు. బొగ్గు లోడుతో గూడ్సు బండి వచ్చింది. ఎంతకూ తరగని బండి. తెల్ల చొక్కా మీద నల్ల దుమ్ము పడుతున్నా ఆయన కదలకుండా నిలబడ్డాడు. అల్ఫియా తండ్రి దగ్గరికి పోవాలనుకుంది. మంచిగా అనిపించుకోవాలని ఊకున్నావని ఇంతకు ముందే అన్నది తనే.

"బాబా," అంది చివరికి. "అందుకేనా ఏది పెట్టాల్నో నువ్వు ఎంచలే?"

"ఒకసారి నేను ఎంచిన బిడ్డా. మల్ల నోరు రాలే. పటేలు వచ్చి పడవ కట్టుమంటె ఎవరి చెల్లెలో తెల్సే ఒప్పుకున్న. కట్టియ్యాలని ఉండె. ఏది పెట్టాల్నో చెప్పే మొఖం లేకుండె."

బండి పోయింది. గేటు లేచింది. ఆగిన ఆటోలు, బస్సు ఒకదాన్నొకటి తోసుకుంటూ కదిలాయి. వెంకట్రాం తిరిగి వచ్చాడు. ముఖం గట్టిపడి ఉంది. జహంగీర్ వైపు చూడకుండా నేరుగా అల్ఫియా ముందు నిలబడ్డాడు.

"ఒక్కటి అడుగుత. నన్ను చూసి చెప్పకు, నీ తండ్రిని చూసి చెప్పకు. ఆ దినం జెట్టు ఉంటె ఇంజన్ బంద్ చేసే అవసరం పడేదా?"

ఇన్నాళ్ళుగా అల్ఫియా ఎదురు చూసిన ప్రశ్న అది. అవసరం పడేది కాదు అంటే చాలు. లారీ వెనక్కి పోతుంది, కోత ఆమె గీసిన చోటే పడుతుంది. ఆమె పెదవులు తడుపుకుంది.

"పడేది కాదు సార్. రెండు జెట్లుంటె పడవ నిలబడ్డ కాడనే తిరుగుతది. ఒకదాని ధారను ఆపి రెండోదానితోని పోవచ్చు. ఎనుక కోసే రెక్క ఏదీ ఉండదు." అక్కడ ఆగిపోవచ్చు. ఆగలేకపోయింది. "కానీ గా నీళ్ళల్ల వరిగడ్డి ఉండె గదా అక్కా? చెత్త ఉండె గదా? అది జెట్టు నోట్లకు పోతే ఘనపూర్‌ల ఆగినట్టు ఆడ గూడ ఆగేదేమో. జాలీ చేసిన. మూత పెట్టిన. అర నిమిషంల తీసి పారేయొచ్చు. అయినా ఆగదని ఒట్టు పెట్టి చెప్పలేను సార్. ఏది పెట్టినా ఏదో ఒక దిక్కు మోసం చేస్తది. నాకు తెల్సినంతల జెట్టు నీళ్ళల్ల ఉన్న మనిషిని చంపదు. అంతే చెప్పగలుగుత."

ఇంత కష్టపడి, చివరికి తన పనిని తానే సగం కాదనుకున్నట్టు అనిపించింది. పని గురించి నిజం చెబితే అది ఎందుకింత బలహీనంగా వినిపిస్తుందో ఆమెకు అర్థం కాలేదు.

వెంకట్రాం పడవ వెనక పలక మీద అరచెయ్యి పెట్టాడు. నున్నటి ఫైబర్ ఎండకు వేడెక్కి ఉంది. చెయ్యి తీయలేదు.

"రెండేండ్లు నేను పడవ ఆలస్యమైందని తిట్టుకుంట తిరిగిన," అన్నాడు. "కలెక్టరేట్‌ల తిట్టిన, పేపరోళ్ళకు చెప్పిన. వేగం, వేగమని నీ పాణం తీసిన. పడవ టైముకే వచ్చిందట. రెండు మార్ల వచ్చిందట." అరచేత్తో పలకను ఒకసారి తట్టాడు. "జెట్టుకు ఎట్ల కొయ్యాల్నో అట్ల కొయ్యి బిడ్డా. లారీ సంగతి నేను చూసుకుంట."

అల్ఫియాకు సంతోషం కలగలేదు. గెలిచినట్టు కూడా లేదు. పెన్సిలూ స్కేలూ తీసుకుని పలక దగ్గరికి పోవాలి గదా అని మాత్రం అనుకుంది. పోలేదు. ఎందుకంటే వెంకట్రాం అప్పుడు జహంగీర్ వైపు తిరిగాడు.

"నిన్ను ఏమనాల్నో నాకు తెలుస్తలేదు భాయ్. బతికినామె నా ముంగటనే ఉన్నది. నువ్వు చేసింది తప్పని ఎట్లంట? కానీ చెల్లె నాది." ఒక అడుగు దగ్గరికి వేశాడు. "ఇంజన్ బంద్ చేసినప్పుడు, మా అరుణ నిన్ను చూసిందా?"

"చూసింది పటేలా. పదిగజాలు గూడ లేదు."

"ఏమన్న అన్నదా?"

జహంగీర్ కళ్ళు మూసుకుని తెరిచాడు.

"అన్నది."

"ఏమన్నది?"

ఆయన వెంకట్రాంను చూడలేదు. పక్కన తడిసిన చీరతో, ఖాళీ గ్లాసుతో నిలబడ్డ రాజీని చూశాడు.

"ఆ మాట ఈమె ముంగట చెప్పుమంటవా?"

రాజీ గ్లాసు నేల మీద పెట్టింది. కొంగు నడుముకు దోపుకుంది. వచ్చి ఇద్దరు మగవాళ్ళ మధ్య నిలబడింది.

"నా ముంగటనే చెప్పాలె అన్నా," అంది.